వేడిమి వెడలు వాకిలి

వేసవి వచ్చినంతనే మన నేల నిప్పుల కుంపటి యగును. రెంటచింతల, రామగుండము, విజయవాడ మొదలగు చోట్ల మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెంటీగ్రేడు వరకు ఎగబ్రాకుట క్రొత్త సంగతి కాదు. పూర్వము జనులు తాటాకు విసనకర్రలతోను, నీరు చల్లిన వట్టివేళ్ల తడికలతోను, మట్టికుండలోని చల్లని నీటితోను ఈ తాపమును ఓర్చుకొనెడివారు. నేడు పట్టణములలోనే గాక పల్లెలలో సైతము శీతలయంత్రము ప్రవేశించినది. దానిని జనులు వాడుకలో ఏసీ యని పిలుచుచున్నారు.

ఇండ్లలో నేడు ఎక్కువగా కనబడు శీతలయంత్రమునకు రెండు పెట్టెలుండును. ఒకటి గదిలోపల గోడకు తగిలించియుండును. చల్లని గాలి దానినుండియే వచ్చును గనుక అందరి చూపును దానిమీదనే నిలుచును. ఇల్లాలు దాని ముఖమును గుడ్డతో తుడుచును. పిల్లలు దానికై మీటలపెట్టెను చేతబట్టి పోట్లాడుకొందురు. రెండవ పెట్టె ఇంటి వెలుపల, డాబామీదనో, పెరటి గోడకో, కిటికీ పైనున్న చూరుపైననో ఉండును. ఎండకు ఎండుచు, వానకు తడియుచు, దుమ్ము మ్రింగుచు రేయింబవళ్లు పనిచేయు నా పెట్టెను పలుకరించువారే యుండరు. కాని గది చల్లబడుట చల్లబడకపోవుట చాలవరకు దానిమీదనే ఆధారపడియున్నది. ఈ సంగతి నేను పుస్తకములవలన గాక ఒక కష్టకాలమున నేర్చుకొంటిని.

2015వ సంవత్సరము మే నెలలో తెలుగునాట తీవ్రమైన వడగాలులు వీచినవి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో కలిపి వేయిమందికి పైగా జనులు ఆ యెండలకు బలియైరి. అప్పటికి మా తల్లిగారు ఎనుబది యేండ్లు దాటి మంచము పట్టియుండిరి. ఆమెను చల్లని గదిలో నుంచవలెనని వైద్యులు గట్టిగా చెప్పిరి. ఆ గదిలో ఒకటిన్నర టన్నుల శీతలయంత్రము కలదు. ఒకనాటి మధ్యాహ్నము యంత్రము తిరుగుచునే యున్నను గది చల్లబడుట మానెను. పిలిపించిన పనివాడు గ్యాసు తగ్గినదని చెప్పి, నింపి, సొమ్ము తీసికొని పోయెను. ఆ రాత్రి బయటి గాలియు కొంత చల్లబడుటచే గది చల్లనయ్యెను. మేము సంతోషించితిమి. మరునాటి మధ్యాహ్నము మరల మొదటి కథయే. మరల గ్యాసు నింపించితిమి. ఈసారి యంత్రము పది నిమిషములు నడచి తనంతట తానే ఆగిపోసాగెను. మా తల్లిగారి నుదుటిపై తడిగుడ్డ మార్చుచు మేము దిక్కుతోచక కూర్చుంటిమి.

ఆ సాయంకాలము నా పూర్వశిష్యుడొకడు పరామర్శకు వచ్చెను. అతడు ఐటీఐలో శీతలయంత్రముల పని నేర్చినవాడు. యంత్రమును గదిలో ఒక క్షణము చూచి, వెంటనే డాబా యెక్కెను. వెలుపలి పెట్టె అక్కడ పిట్టగోడకు వీపు పెట్టి కూర్చున్నట్లుండెను. అతడు జేబులోని ఫోనును గోడకును పెట్టెకును నడుమనున్న సందులో దూర్చి, ఒక ఛాయాచిత్రము తీసి నాకు చూపెను. "మాస్టారూ! ముందువైపు చూచితిరి గాని, గోడవైపు చూచితిరా?" అని అడిగెను. ఆ చిత్రమున లోహపు రెక్కలు కనబడవలసిన చోట బూడిదరంగు కంబళి వంటి దొకటి కనబడెను. దుమ్ము, పావురముల యీకలు, బట్టల నూగు కలిసి అట్లు పేరుకొన్నవి. "దీనికి గ్యాసు తక్కువ కాలేదండీ. ఊపిరి ఆడుటలేదు. అక్కరలేని గ్యాసు పోయుటచే మరింత ఆయాసపడుచున్నది" అనెను.

అతడు విద్యుత్తును నిలిపి, ఆ మురికిని కడిగివేసి, అధికముగా నింపిన గ్యాసును తగిన పరికరముతో వెలికితీసి, తూకము ప్రకారము సరిచేసెను. రెండు గంటలలో పని ముగిసెను. ఆ రాత్రి మా తల్లిగారు దుప్పటి కప్పుమని అడిగిరి. యంత్రము మీది కంబళి తీసినందుననే ఆమెకు దుప్పటి కావలసివచ్చినదని మేమందరము నవ్వుకొంటిమి.

ఇంత చిన్న కారణమునకు అంత పెద్ద చిక్కు ఎట్లు కలిగినది? దీనిని తెలిసికొనుటకు యంత్రము పనిచేయు తీరును కొంచెము పరిశీలింతము.

శీతలయంత్రము చల్లదనమును పుట్టించునని అనేకులు తలంతురు. అది సరికాదు. వేడిమి తగ్గుటయే చల్లదనము. యంత్రము చేయు పని యొక్కటే. గదిలోని వేడిమిని ఎత్తుకొనిపోయి వెలుపల దించివచ్చుటయే ఆ పని. కావడివాడు చెరువునుండి నీరు మోసికొనివచ్చి తొట్టిలో పోసి, ఖాళీ కుండలతో మరల చెరువునకు పోవునట్లు, ఒక ద్రవపదార్థము లోపలికి వెలుపలికి తిరుగుచు వేడిమిని మోయుచుండును. మెకానిక్కులు గ్యాసు అనునది ఈ పదార్థమునే.

మట్టికుండలోని నీరు ఏల చల్లబడును? కుండ చెమర్చును. ఆ చెమ్మ ఆవిరియగునప్పుడు కుండలోని వేడిమిని గైకొనిపోవును. ద్రవము ఆవిరిగా మారుటకు వేడిమి కావలెను. ఆ వేడిమిని అది తన ప్రక్కనున్న వస్తువులనుండి లాగుకొనును. ఇది ప్రకృతి నియమము. ఇక అన్నపు గిన్నెపై మూతను చూడుడు. ఆవిరి పోయి మూతకు తగిలి నీటిబొట్టులుగా మారును. అప్పుడు తాను మోసికొనివచ్చిన వేడిమిని మూతకు అప్పగించును. అందుచేతనే మూత చేయి కాలునంతగా వేడెక్కును. ద్రవము ఆవిరియగునప్పుడు వేడిమిని తీసికొనును. ఆవిరి ద్రవమగునప్పుడు దానిని తిరిగి యిచ్చివేయును. శీతలయంత్రములోని లోపలి పెట్టె మట్టికుండ వంటిది. వెలుపలి పెట్టె అన్నపు గిన్నె మూత వంటిది.

ఇందు వాడు పదార్థము మాత్రము నీరు కాదు. నీరు 100 డిగ్రీల వద్ద మరుగును. నేటి యంత్రములలో విరివిగా వాడబడుచున్న ఆర్-32 అను పదార్థము సాధారణ వాయుపీడనమున సున్నకు దిగువ 52 డిగ్రీల ప్రాంతముననే మరుగును. పీడనమును మార్చినచో మరుగు ఉష్ణోగ్రతయు మారును. ఈ కీలకము మీదనే యంత్రమంతయు నడచుచున్నది. లోపలి పెట్టెలోని గొట్టములలో తక్కువ పీడనమున ఆ ద్రవము ఆవిరియై గదిలోని వేడిమిని పీల్చుకొనును. ఆ యావిరి రాగిగొట్టము ద్వారా వెలుపలి పెట్టెకు వచ్చును. అచ్చట కంప్రెసరు అను భాగము దానిని నొక్కి, పీడనమును, వేడిని పెంచును. ఆ వేడి యావిరి వంపులు తిరిగిన గొట్టములగుండ పోవుచు, గాలికి వేడిమి నిచ్చి, మరల ద్రవమగును. ఈ గొట్టముల అమరికనే కండెన్సరు కాయిల్ అందురు. తరువాత ఆ ద్రవము సన్నని దారిగుండ దూరి, పీడనము తగ్గి, చల్లబడి మరల గదిలోనికి పోవును.

నీరు పల్లమునకు పారునట్లు వేడిమి ఎక్కువ వేడిగల చోటినుండి తక్కువ వేడిగల చోటికే పారును. వెలుపల గాలి 42 డిగ్రీలున్నప్పుడు కండెన్సరు అంతకంటె పది పదిహేను డిగ్రీలు ఎక్కువ వేడిగ నుండిననే గాలి దానినుండి వేడిమిని గ్రహించును. అందువలననే కంప్రెసరు ఆవిరిని అంతగా నొక్కవలసివచ్చును. విద్యుత్తులో పెద్దపాలు ఈ పనికే ఖర్చగుచున్నది.

కండెన్సరు మోయు బరువెంతో తెలిసికొందము. శీతలయంత్రముల శక్తిని టన్నులలో చెప్పుట వాడుక. యంత్రము బరువునకు దీనితో సంబంధము లేదు. పూర్వము జనులు మంచుగడ్డలతో చల్లదనము పొందెడివారు. ఫ్రెడెరిక్ ట్యూడర్ అను అమెరికా వర్తకుడు తన దేశపు చెరువులలో గడ్డకట్టిన మంచును కోయించి, ఓడలలో నింపి 1833లో కలకత్తాకు పంపెను. చెన్నపట్టణపు సముద్రతీరమున అట్టి మంచును నిలువచేయుటకై 1842లో కట్టిన ఐస్ హౌస్ భవనము నేటికిని నిలిచియున్నది. 1897లో వివేకానందస్వామి అందు బసచేసిరి. ఒక టన్ను మంచు, అనగా అమెరికా కొలత ప్రకారము సుమారు 907 కిలోల మంచు, 24 గంటలలో కరగుచు పీల్చుకొను వేడిమియే ఒక టన్ను శక్తి. నేటి లెక్కలో అది ఇంచుమించు 3,500 వాట్లు.

మంచు వర్తకము వెనుకబడి యంత్రములు ముందుకు వచ్చినవి. 1902లో విల్లిస్ కారియర్ అను ఇంజనీరు అమెరికాలోని బ్రూక్లిన్ పట్టణమున ఒక ముద్రణాలయమునకై గాలిలోని తేమను అదుపుచేయు ఏర్పాటును రూపొందించెను. తేమ మారినప్పుడెల్ల కాగితము సాగి, ముడుచుకొని, రంగులు ఒకదానిపై నొకటి సరిగా పడకుండెడివి. మనుష్యుల సుఖము కొరకు గాక కాగితము కొరకు పుట్టిన ఆ ఉపాయమే నేటి శీతలయంత్రములకు దారిచూపినది. మంచు పోయినను టన్ను అను మాట మాత్రము నిలిచినది.

మా తల్లిగారి గదిలోని ఒకటిన్నర టన్నుల యంత్రము పూర్తిగా పనిచేయునప్పుడు గదినుండి సుమారు 5,250 వాట్ల వేడిమిని తీయును. అందులకు దాదాపు 1,500 వాట్ల విద్యుత్తును వాడుకొనును. ఆ విద్యుత్తును తుదకు వేడిమిగనే మారును. కావున వెలుపలి పెట్టె ఈ రెండింటిని కలిపి 6,750 వాట్ల వేడిమిని గాలిలోనికి వదలవలెను. వేయి వాట్ల ఇస్త్రీపెట్టెలు దాదాపు ఏడింటిని ఒక్కచోట పెట్టి వెలిగించినంత వేడిమి యది! అంతయు ఆ యొక్క వాకిలిగుండనే వెడలిపోవలెను.

అంత వేడిమిని కొద్దిపాటి గొట్టము వదలజాలదు. తడిబట్టను ముద్దగా పడవేసిన ఆరదు. పరచి ఆరవేసిన త్వరగా ఆరును. అట్లే గొట్టమునకును గాలికిని స్పర్శ పెరుగుటకై దాని చుట్టును కాగితమంత పలుచని అల్యూమినియపు రెక్కలను వందలకొలది అమర్తురు. రెక్కకును రెక్కకును నడుమ ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు మాత్రముండును. ఒక పంఖా వెనుకనుండియు ప్రక్కనుండియు గాలిని ఈ సందులగుండ లాగి, ముందువైపునకు విసరును.

ఇక్కడనే గుర్తింపవలసిన సంగతి యొకటి కలదు. గాలి వెనుకనుండి లోనికి వచ్చును గనుక మురికియు వెనుకవైపుననే పట్టును. ముందు నిలిచి చూచువారికి పంఖాయు, జాలియు శుభ్రముగనే కనబడును. మురికిపట్టు ముఖము గోడవైపు తిరిగియుండును. మేము మోసపోయిన దిచ్చటనే.

పట్టు మురికి ఊరి ఊరికి వేరుగ నుండును. ఆదోని, వరంగల్లు ప్రాంతములలో ప్రత్తినూగు ఎగిరివచ్చి రెక్కలకు అంటును. కొత్తగూడెము, రామగుండము వంటి చోట్ల బొగ్గుపొడియు, జగ్గయ్యపేట ప్రాంతమున సిమెంటుపొడియు చేరును. వంటయింటి ప్రక్కన నుంచిన పెట్టెకు నూనె జిడ్డు పట్టి, ఆ జిడ్డుకు దుమ్ము అంటి గట్టిపడును. విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్టణము వంటి సముద్రతీరపు ఊళ్లలో ఉప్పుగాలి మరొక విధమైన శత్రువు. రాగి, అల్యూమినియము కలిసిన చోట ఉప్పుతేమ చేరినచో అల్యూమినియము త్వరగా తినివేయబడి రెక్కలు పొడిపొడిగా రాలిపోవును.

సందులు పూడినప్పుడు ఏమగును? గాలి చాలినంత పారదు. వేడిమి వెడలక కాయిల్‌లోనే నిలుచును. వేడి పెరిగినకొలది లోపలి పీడనము పెరుగును. పీడనము పెరిగినకొలది కంప్రెసరునకు శ్రమ పెరుగును. అది ఎక్కువ విద్యుత్తును త్రాగుచు తక్కువ చల్లదనము నిచ్చును. కండెన్సరు వేడి ఒక్క డిగ్రీ పెరిగినచో విద్యుత్తు ఖర్చు నూటికి రెండు మూడు పాళ్లు పెరుగునని ఈ పనివారి స్థూలమైన లెక్క. శ్రమ మితిమీరినప్పుడు కంప్రెసరు కాలిపోకుండుటకై రక్షణమీట పడి యంత్రమాగును. మా యింట పది నిమిషములకొకసారి ఆగినది ఇందువలననే. అప్పటికిని మేలుకొననిచో కొంతకాలమునకు కంప్రెసరే చెడును. యంత్రమునందు అన్నిటికంటె ఖరీదైన భాగమదియే.

విద్యార్థులు వేయదగిన చిన్నలెక్క యొకటి. యంత్రము గంటకు ఒకటిన్నర యూనిటు చొప్పున దినమునకు ఎనిమిది గంటలు ఎడతెగక నడచుననుకొనుడు. దినమునకు 12 యూనిట్లు, ముప్పది దినములకు 360 యూనిట్లు అగును. మురికివలన నూటికి పది పాళ్లు మాత్రమే ఖర్చు పెరిగినదనుకొన్నను నెలకు 36 యూనిట్లు వ్యర్థము. ఆ 36 యూనిట్లతో తొమ్మిది వాట్ల ఎల్ఈడీ దీపమును 4,000 గంటలు వెలిగింపవచ్చును. ప్రతిరాత్రియు ఐదు గంటలు చదువుకొను బాలునకు అది రెండేండ్లకు పైగా చాలును. గుప్పెడు దుమ్ము అంత వెలుగును మ్రింగివేయుచున్నది.

ఇక శుభ్రపరచు విధమును తెలిసికొందము. ఇది పెద్దల పని. బాలురు ప్రక్కన నిలిచి చూడవచ్చును గాని తాము పూనుకొనరాదు. డాబామీదనో, నేలమీదనో అందుబాటులోనున్న పెట్టెను మాత్రమే ఇంటివారు శుభ్రపరచుకొనవచ్చును. పై అంతస్తుల గోడలకు వ్రేలాడు పెట్టెలకొరకు కిటికీలోనుండి వంగుట, చూరుపై నడచుట ప్రాణములతో చెలగాటము. దానికి నడికట్టుత్రాడు ధరించి పనిచేయు నేర్పరులనే పిలువవలెను.

మొదట యంత్రమును ఆపి, పిమ్మట దానికి విద్యుత్తు వచ్చు ప్రధానపు మీటను దించవలెను. మీటలపెట్టెతో ఆపినంత మాత్రమున చాలదు. వెలుపలి పెట్టెలోని కెపాసిటరు అను భాగమున విద్యుత్తు ఆపిన తరువాతను కొంత నిలిచియుండి ప్రాణాపాయము కలిగింపగలదు. కావున ఆ భాగమును కప్పిన మూతను ఇంటివారు విప్పనేరాదు. పిదప పెట్టె చుట్టునున్న ఆకులు, ఈకలు, సాలెగూళ్లు తీసివేసి, రెక్కలపై పేరుకొన్న నూగును మెత్తని కుంచెతో దులుపవలెను. రెక్కలు నిలువుగ నుండును గనుక కుంచెను నిలువుగనే ఆడింపవలెను. అడ్డముగ రుద్దినచో అవి వంగి సందులు మూసికొనిపోవును. ఆ రెక్కల అంచులు పదునుగ నుండును గనుక చేతితొడుగులు ధరించుట మేలు.

తరువాత తోటకు నీరుపోయు గొట్టముతో, జల్లుగ, పైనుండి క్రిందికి నీరు పోయవలెను. కార్లు కడుగు వేగపు ధారను ప్రయోగించినచో ఒక్క క్షణములో రెక్కలన్నియు నేలకొరగిన వరిపైరువలె పడిపోవును. వెనుకనుండి గట్టిగా కొట్టిన నీరు మురికిని మరింత లోపలికి నెట్టును. నేర్పరియైన మెకానిక్కు పై మూతను తీసి లోపలినుండి వెలుపలికి, అనగా గాలి వచ్చిన దారికి ఎదురుగా, నీరు పోయును. మురికి వచ్చిన దారినే పోవుటకు అది ఉత్తమమైన మార్గము. నీరు విద్యుత్తు భాగములపై నేరుగా పడరాదు.

నూనె జిడ్డు పట్టినచో గాఢత తక్కువైన సబ్బునీటినిగాని, ఇందుకొరకే అమ్మబడు ద్రావకమునుగాని చల్లి, కొన్ని నిమిషములు నానినపిదప నురుగు మిగులకుండ కడుగవలెను. కాస్టిక్ సోడా, మరుగుదొడ్లు కడుగు ఆమ్లములు తేరాదు. అల్యూమినియమును ఆమ్లమును తినును, క్షారమును తినును. అప్పటికి తళతళలాడినను కాయిల్ ఆయువు తరిగిపోవును. వంగిన రెక్కలను సరిచేయుటకు సన్నని పండ్లుగల ప్రత్యేకమైన దువ్వెన కలదు. తలచిక్కు తీసినంత ఓర్పుతో దానిని నడుపవలెను. అంతయు ముగిసి నీరు ఓడి ఆరినపిమ్మటనే విద్యుత్తును వేయవలెను.

శుభ్రత యెంత ముఖ్యమో చోటును అంత ముఖ్యము. వెనుకనున్న గోడకును పెట్టెకును నడుమ గాలి ఆడునంత ఎడము ఉండవలెను. ముందువైపు దాని కెదురుగా మూటలు, పాత తలుపులు, ఆరవేసిన బట్టలు ఉండరాదు. ముందు అడ్డమున్నచో అది వదలిన వేడిగాలినే మరల పీల్చుకొనును. ఎండనుండి కాపాడుటకు పైన చిన్న పందిరి వేయవచ్చును గాని నాలుగు వైపుల కప్పి మూటకట్టరాదు. దానిని మోయు ఇనుపచట్రము త్రుప్పుపట్టినదేమో యేటేట చూచుకొనవలెను. త్రుప్పు తిన్న చట్రము విరిగినచో క్రింద నడచువారి ప్రాణములకే ముప్పు.

గ్యాసును గూర్చి యొకమాట. అది దీపములోని నూనెవలె మండి తరిగిపోవునది కాదు. మూసిన గొట్టములలో తిరుగుచుండునదే గాని ఖర్చగునది కాదు. ఎక్కడనో చిల్లిపడి కారిననే తరుగును. కావున గ్యాసు తగ్గినదని ఎవరైన చెప్పినచో కారిన చోటేదో వెదకి మూయించి, పిమ్మటనే నింపింపవలెను. అంతకు ముందుగ కాయిల్ శుభ్రముగ నున్నదేమో చూడవలెను. ఇది మన సొమ్మునకు మాత్రమే చెందిన విషయము కాదు. పాత యంత్రములలోని ఆర్-22 వంటి పదార్థములు భూమిని కాచు ఓజోను పొరకు హాని చేయుచున్నందున 1987లో మాంట్రియల్ ఒప్పందము కుదిరినది. ఆర్-32 ఓజోనుకు హాని చేయదు గాని, గాలిలో కలిసినచో నూరేండ్ల లెక్కలో అంతే బరువుగల బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 675 రెట్లు భూమిని వేడెక్కించును. ఇట్టి పదార్థములను క్రమముగ తగ్గించుటకే 2016లో రువాండా దేశపు కిగాలీ నగరమున దేశములు అంగీకరించినవి. మఱియు ఆర్-32 కొంతవరకు మండు స్వభావము గలది. దానిని నింపుట, తీయుట శిక్షణ పొందినవారి పనియే.

ఈ శుభ్రత యెప్పుడు జరుపవలెను? ఉగాదికి ఇల్లు కడుగు నాచారము మనకు కలదు. వేసవి ముదురకముందే ఆ పండుగకు ఒకసారి వెలుపలి పెట్టెను కడిగించుడు. వానలు వెలిసిన పిదప దీపావళికి మరొకసారి కడిగించుడు. సముద్రతీరమున నుండువారును, దుమ్ము ఎక్కువగాగల చోట నుండువారును ఇంకను తరచుగ మంచినీటితో కడిగించుట మేలు. లోపలి పెట్టెలోని వడపోత జల్లెడను మాత్రము వాడుకకాలమున రెండు వారములకొకసారి కడుగుట మంచిది.

బాలబాలికలారా! మీరు యంత్రమును ముట్టనక్కరలేదు. కాని గమనింపవచ్చును. గది చల్లబడుటకు మునుపటికంటె ఎక్కువ కాలము పట్టుచున్నదా? రాత్రివేళ బాగుగ నుండి మధ్యాహ్నము మొండికేయుచున్నదా? నడుమ నడుమ తానే ఆగుచున్నదా? విద్యుత్తు బిల్లు కారణము లేక పెరిగినదా? ఇట్టి గుర్తులు కనబడినచో మీ పెద్దలతో, "ముందు గోడవైపు చూడుడు" అని చెప్పుడు. ఆ యొక్క మాట ఒక సంసారమునకు సొమ్మును మిగుల్పవచ్చును. వేసవిలో ఒక వృద్ధునకో, ఒక పసికందునకో ప్రాణమునే నిలుపవచ్చును.

మా తల్లిగారు ఆ వేసవిని దాటి మరి రెండేండ్లు మా నడుమ నుండిరి. నా శిష్యునకు నేను సంధులు, సమాసములు నేర్పితిని. కనబడు ముఖమును తుడుచుటతో శుభ్రత ముగియదనియు, కనబడని వైపునకు పోయి చూడవలెననియు అతడు నాకు నేర్పెను. నాటినుండి ప్రతి ఉగాదికిని పచ్చడి తినకముందే నేను డాబా యెక్కి ఆ గోడవైపు తొంగిచూచుచున్నాను.